చమురు కొనిపెట్టిన ప్రశాంతత

మద్యం దొరకదు, ఆదాయపు పన్ను లేదు, ఎన్నికలు అసలే లేవు. బోర్నియో దీవిలోని బ్రూనై పర్యాటకుడికి అమ్మేది నిశ్శబ్దాన్నే. దాని వెనకున్న లెక్కలు తెలిస్తే ఆ దేశం మరింత బాగా కనబడుతుంది.

ఆగ్నేయాసియా రాజధానుల్లో సాయంత్రమైతే జాతరే. బ్యాంకాక్‌లో వీధి తిండి, మనీలాలో ట్రాఫిక్, జకార్తాలో మోటారు సైకిళ్ల వరద. బ్రూనై రాజధాని బందర్ సెరి బెగవాన్ తీరు వేరు. రాత్రి 9 దాటిందంటే నగరం నడిబొడ్డున కూడా వీధులు ఖాళీ. బార్లు లేవు, నైట్‌క్లబ్బులు లేవు. రోడ్డు దాటేవాడి కోసం కార్లు ఆగుతాయి, హారన్ మాత్రం మోగదు. నది ఒడ్డున కాసేపు నిలబడితే వినిపించేవి రెండే: పడవల ఇంజన్ల చప్పుడు, మసీదు నుంచి నమాజు పిలుపు.

దేశం పేరులోనే ఆ సంగతి ఉంది. అధికారిక నామం నెగరా బ్రూనై దారుస్సలాం. దారుస్సలాం అంటే అరబ్బీలో శాంతి నిలయం. నెగరా మన 'నగర' శబ్దమే. రాజధాని పేరులోని 'బందర్' పర్షియన్ నుంచి వచ్చింది. మచిలీపట్నాన్ని బందరు అని పిలిచే తెలుగువారికి ఆ మాటకు అర్థం విడమరిచి చెప్పక్కర్లేదు. 'సెరి బెగవాన్' సంస్కృతంలోని శ్రీ భగవాన్. 1967లో గద్దె దిగిన సుల్తాన్ ఒమర్ అలీ సైఫుద్దీన్ ఆ బిరుదు తీసుకున్నారు. ఆయన గౌరవార్థం 1970లో బ్రూనై టౌన్ పేరు మార్చారు. పట్టపురాణి బిరుదు 'రాజ ఇస్తెరి'. అందులో ఇస్తెరి అంటే స్త్రీ. ఇస్లాం రాకముందు మలయ్ ప్రపంచం మీద భారతదేశపు ముద్ర ఎంత లోతుగా ఉండేదో చెప్పడానికి ఈ నాలుగు మాటలు చాలు.

విస్తీర్ణం 5,765 చదరపు కిలోమీటర్లు. 2022 విభజనకు ముందున్న శ్రీకాకుళం జిల్లా దీనికంటే కాస్త పెద్దది. ఆ జిల్లాలో 2011 లెక్కల ప్రకారం 27 లక్షల మంది ఉంటే బ్రూనైలో ఉన్నది దాదాపు నాలుగున్నర లక్షలు. ఒకవైపు దక్షిణ చైనా సముద్రం, మిగిలిన మూడు వైపులా మలేసియా రాష్ట్రం సరవాక్. ఆ సరవాక్‌లోనిదే అయిన లింబాంగ్ జిల్లా మధ్యలో చొచ్చుకొచ్చి దేశాన్ని రెండు ముక్కలు చేసింది. తలసరి ఆదాయం ఏడాదికి 30 వేల అమెరికన్ డాలర్లకు పైమాటే.

చూడాల్సినవి

సందర్శకులు మొదట వెళ్లేది ఒమర్ అలీ సైఫుద్దీన్ మసీదుకు. 1958లో పూర్తయింది. ఇటలీ నుంచి తెచ్చిన పాలరాయి, బంగారు గుమ్మటం, చుట్టూ కట్టించిన కొలను, అందులో 16వ శతాబ్దపు రాజనౌకకు నమూనాగా రాతి పడవ. నమాజు వేళలు కాకపోతే ఇతర మతస్థులకూ ప్రవేశం ఉంటుంది. చెప్పులు బయట విడిచి, వాళ్లిచ్చే నల్లటి అంగీ తొడుక్కోవాలి. మరో పెద్ద మసీదు జామే అస్ర్ హసనల్ బోల్కియా. 1994లో ప్రారంభమైన దానికి 29 బంగారు గుమ్మటాలు. ఇప్పటి సుల్తాన్ ఆ వంశంలో 29వ వాడు కావడమే అందుకు కారణం.

మసీదుకు ఎదురుగా నది మీద ఉన్నది కంపోంగ్ అయెర్, అంటే నీటి ఊరు. స్తంభాల మీద నిలబెట్టిన ఇళ్లు, వాటిని కలిపే చెక్క వంతెనలు, బడులు, మసీదులు, పోలీస్ స్టేషన్, ఫైర్ స్టేషన్ అన్నీ నీటి మీదే. 1521లో మాజెలాన్ నౌకల్లో వచ్చిన ఇటలీ యాత్రికుడు పిగఫెట్టా ఇక్కడ 25 వేల కుటుంబాలు ఉన్నాయని రాసుకున్నాడు. అప్పట్లో బ్రూనై సుల్తాన్ల మాట బోర్నియో తీరమంతటా, ఫిలిప్పీన్స్ దీవుల్లో కొంతమేర చెల్లేది. ఒకటి రెండు డాలర్లిస్తే నీటి టాక్సీ అవతలి ఒడ్డుకు చేరుస్తుంది. అక్కడ తిరిగితే గుమ్మాల ముందు పూల కుండీలు, ఏసీ యంత్రాలు కనిపిస్తాయి. కూలిపోయిన ఇళ్ల మొండి స్తంభాలూ కనిపిస్తాయి. ప్రభుత్వం నేల మీద ఇళ్లు కట్టించి ఇస్తుండటంతో పిల్లలు ఒడ్డుకు వెళ్లిపోతున్నారు, ముసలివాళ్లు నీటి మీద మిగులుతున్నారు. అదే పడవ ఇంకాస్త ముందుకు వెళ్తే మడ అడవుల్లో పొడుగు ముక్కు కోతులు కొమ్మలు పట్టుకుని వేలాడుతుంటాయి.

సుల్తాన్ నివాసం ఇస్తానా నూరుల్ ఇమాన్‌లో 1,788 గదులు, 257 స్నానాల గదులు ఉన్నాయి. ప్రపంచంలో ఇంత పెద్ద నివాస సౌధం మరోటి లేదని గిన్నిస్ రికార్డు. మామూలు రోజుల్లో గేటు బయట నుంచి చూసి రావాల్సిందే. రంజాన్ ముగిశాక పండుగ సంబరాల్లో మూడు రోజులు మాత్రం తలుపులు తెరుస్తారు. పౌరుడా, వలస కూలీయా, పర్యాటకుడా అన్నది అడగరు. అందరికీ భోజనం పెడతారు. తర్వాత వరుసలో వెళ్తే మగవారితో సుల్తాన్, ఆడవారితో రాణి కరచాలనం చేస్తారు. పిల్లలకు ఆకుపచ్చ కవర్లో పండుగ డబ్బు అందుతుంది.

లింబాంగ్‌కు అవతల ఉన్న తెంబురోంగ్ జిల్లా అడవుల ప్రాంతం. ఒకప్పుడు అక్కడికి స్పీడ్ బోటులో వెళ్లాలి, లేదా మలేసియా మీదుగా పాస్‌పోర్టు మీద ముద్రల మీద ముద్రలు వేయించుకుంటూ రోడ్డున పోవాలి. 2020 మార్చిలో సుమారు 30 కిలోమీటర్ల వంతెన ప్రారంభమయ్యాక సొంత దేశంలో ఒకచోటి నుంచి మరోచోటికి వెళ్లడానికి విదేశాన్ని దాటే అవస్థ తప్పింది. అక్కడి ఉలు తెంబురోంగ్ జాతీయ పార్కు 500 చదరపు కిలోమీటర్లు. పొడవాటి నాటు పడవల్లో నదికి ఎదురీదుతూ వెళ్లాలి. చమురు డబ్బు పుష్కలంగా ఉండటంతో కలప కోసం అడవి నరకాల్సిన అవసరం బ్రూనైకి రాలేదు. సరిహద్దుకు అవతల సరవాక్‌లో కలప, పామాయిల్ తోటలు అడవిని ఎంత తిన్నాయో చూసినవారికి ఆ తేడా ఇట్టే తెలుస్తుంది.

తిండికి గడోంగ్ రాత్రి బజారు ప్రసిద్ధి. అన్నం, వేయించిన కోడి ముక్క, సంబల్ కారం కలిపి పొట్లం కట్టే నాసి కతోక్ ధర చిరకాలం ఒక్క డాలరే. జాతీయ వంటకం అంబుయత్. సగ్గు పిండిని వేడినీళ్లతో జిగురుగా కలిపి, వెదురు పుల్లలకు చుట్టుకుని, పుల్లటి పచ్చడిలో ముంచి మింగుతారు. నమలకూడదు.

తెలుసుకోవాల్సినవి

బ్రూనైలో మద్యం అమ్మకాన్ని 1991లో నిషేధించారు. ముస్లిమేతర విదేశీయులు మాత్రం విమానాశ్రయంలో చెప్పి, పరిమితంగా కొన్ని సీసాలు వెంట తెచ్చుకోవచ్చు. తాగడం గదిలోనే. శుక్రవారం మధ్యాహ్నం 12 నుంచి 2 దాకా హోటళ్లు, దుకాణాలు, పార్కులు అన్నీ మూత. ప్రభుత్వ కార్యాలయాలకు శుక్ర, ఆదివారాలు సెలవు. రంజాన్ నెలలో పగటిపూట హోటల్లో కూర్చుని తినడం కుదరదు, పొట్లం కట్టించుకుని గదికి తీసుకెళ్లాలి. పెట్రోలు లీటరు 53 సెంట్లు, మన లెక్కలో 40 రూపాయల లోపే. కాబట్టి కారు లేని కుటుంబం అరుదు, బస్సు దొరకడం అంతకంటే అరుదు. పర్యాటకులు ఎక్కువగా 'డార్ట్' అనే స్థానిక టాక్సీ యాప్‌నే నమ్ముకుంటారు.

ఇంతవరకూ అసౌకర్యాలు. అసలు విషయం చట్టం. షరియా శిక్షాస్మృతిని 2014 నుంచి దశలవారీగా తెచ్చి, 2019 ఏప్రిల్ 3న పూర్తిగా అమల్లో పెట్టారు. దొంగతనానికి అంగచ్ఛేదం, వివాహేతర సంబంధానికీ స్వలింగ సంపర్కానికీ రాళ్లతో కొట్టి చంపడం అందులో ఉన్నాయి. కొన్ని నిబంధనలు ముస్లిమేతరులకూ వర్తిస్తాయి, విదేశీయులకు మినహాయింపు లేదు. ప్రపంచం గగ్గోలు పెట్టింది. హాలీవుడ్ నటుడు జార్జ్ క్లూనీ పిలుపుతో లండన్, లాస్ ఏంజెలెస్‌లలో బ్రూనై ప్రభుత్వ పెట్టుబడి సంస్థకు చెందిన ఖరీదైన హోటళ్ల బహిష్కారం మొదలైంది. నెల తిరిగిందో లేదో, కొత్త చట్టం కింద మరణశిక్షలు అమలు చేయబోమని సుల్తాన్ ప్రకటించారు. 1957 తర్వాత అక్కడ ఎవరినీ ఉరి తీయలేదు. అయితే చట్టం మాత్రం రద్దు కాలేదు, పుస్తకంలోనే ఉంది. పెళ్లికాని జంటలు, స్వలింగ సంపర్కులు ఈ దేశానికి టికెట్ కొనేముందు ఆలోచించుకోవాల్సింది దీని గురించే.

లెక్క ఎక్కడ మొదలైంది

1929లో సెరియా తీరాన చమురు బయటపడింది. 1991లో అదే చోట వందకోట్లవ బారెల్ తీసిన గుర్తుగా కట్టిన స్మారకం ఇప్పుడు పర్యాటక స్థలం. దానికి దగ్గరలోనే, ఇళ్ల మధ్య, తల ఊపుతూ చమురు తోడే పంపులు కనిపిస్తాయి. 1970లలో సహజవాయువును ద్రవంగా మార్చి జపాన్‌కు ఓడల్లో పంపడం మొదలయ్యాక ఖజానా పొంగింది. పౌరులకు చదువు ఉచితం, వైద్యానికి నామమాత్రపు రుసుము. జీతం మీద పన్ను లేదు. ఇల్లు కట్టుకోవడానికి ప్రభుత్వమే సాయం చేస్తుంది. చదువుకున్నవారిలో ఎక్కువమంది కోరుకునేది ప్రభుత్వోద్యోగమే.

దీనికి బదులుగా పౌరుడు ఇచ్చింది ఏమిటో 1962 చెబుతుంది. ఆ ఏడాది ఆగస్టులో బ్రూనైలో ఎన్నికలు జరిగాయి. జిల్లా మండళ్లలోని 55 స్థానాల్లో 54 బ్రూనై ప్రజా పార్టీకి దక్కాయి. సుల్తాన్‌ను రాజ్యాంగబద్ధ పాలకుడిగా ఉంచి, సరవాక్, ఉత్తర బోర్నియోలతో కలిసి ఒక దేశంగా ఏర్పడాలని ఆ పార్టీ నేత అజహరి వాదన. శాసనమండలి సమావేశం వాయిదాపడుతూ పోయింది. డిసెంబరు 8న తిరుగుబాటు మొదలైంది. సింగపూర్ నుంచి బ్రిటిష్ వారు దింపిన గూర్ఖా దళాలు రోజుల వ్యవధిలో దాన్ని అణిచేశాయి. అజహరి ప్రవాసంలోనే, 2002లో ఇండోనేసియాలో కన్నుమూశారు.

అప్పుడు విధించిన అత్యవసర పరిస్థితిని రెండేళ్లకోసారి పొడిగిస్తూనే ఉన్నారు. 1967లో తండ్రి నుంచి గద్దె అందుకున్న హసనల్ బోల్కియా 1984 జనవరి 1న దేశం స్వతంత్రమైనప్పటి నుంచీ ప్రధానమంత్రి కూడా. రక్షణ, ఆర్థిక శాఖలు ఆయనవే, 2015 నుంచి విదేశాంగం కూడా. 2022లో బ్రిటన్ రాణి ఎలిజబెత్ మరణించాక జీవించి ఉన్న రాజుల్లో ఎక్కువకాలం నుంచి పాలిస్తున్నది ఆయనే. శాసనమండలిని 2004లో పునరుద్ధరించి, అందులో 15 మందిని ఎన్నుకునే వీలుంటుందని రాజ్యాంగంలో రాశారు. ఆ ఎన్నిక ఇంతవరకూ జరగలేదు. 1962లో ఓటు వేసినవారికి ఇప్పుడు 80 ఏళ్లు దాటి ఉంటాయి. వారి తర్వాతి తరాలకు జాతీయ ఎన్నికంటే ఏమిటో తెలియదు. సెరియాలో బ్రిటిష్ సైన్యపు గూర్ఖా పటాలం నేటికీ ఉంది. దాని ఖర్చు భరించేది బ్రూనై ప్రభుత్వమే.

లెక్కలోకి రానివారు

ఈ ఒప్పందంలో చోటు దక్కనివారూ ఉన్నారు. జనాభాలో పదో వంతు చైనా సంతతివారు. తరతరాలుగా అక్కడే పుట్టి పెరిగినా వారిలో వేలమందికి పౌరసత్వం లేదు. మలయ్ భాషలో కఠినమైన పరీక్ష గట్టెక్కితే తప్ప రాదు. పాస్‌పోర్టుకు బదులు వారికిచ్చే గుర్తింపు పత్రాన్ని చూసి విదేశీ విమానాశ్రయాల్లో అధికారులు తెల్లమొహం వేస్తారు. నిర్మాణ పనుల్లో బంగ్లాదేశ్, భారత్ కూలీలు, ఇళ్లలో ఇండోనేసియా, ఫిలిప్పీన్స్ ఆడవాళ్లు. పర్యాటకుడు మెచ్చుకునే తళతళలాడే రోడ్ల వెనక ఉన్నది వీరి చెమటే.

చమురు బావులతో పాటే 1930లలో భారతీయుల రాక మొదలైంది. ఇప్పుడు ఆస్పత్రుల్లో, బడుల్లో మన డాక్టర్లు, టీచర్లు చాలామంది కనిపిస్తారు. బట్టల వ్యాపారంలో పైచేయి భారతీయులదే. తిరుపతి జిల్లాలోని శ్రీహరికోటకూ బ్రూనైకీ కూడా ఒక బంధం ఉంది. అక్కడి నుంచి తూర్పుగా సముద్రం మీదుగా ఎగిరే రాకెట్ల జాడ తీసేందుకు ఇస్రో 2000లో బ్రూనైలో ఒక కేంద్రం నెలకొల్పింది. దౌత్య సంబంధాలకు 40 ఏళ్లు నిండిన సందర్భంగా 2024 సెప్టెంబరులో నరేంద్ర మోదీ అక్కడికి వెళ్లారు. భారత ప్రధాని ఒకరు ద్వైపాక్షిక పర్యటనకు బ్రూనై వెళ్లడం అదే మొదటిసారి. ఆ నవంబరులోనే చెన్నైకి నేరుగా విమానం మొదలైంది.

బావులు ఎండితే

ప్రశాంతతను డబ్బుతో కొనుక్కున్న దేశానికి డబ్బు తగ్గితే ఏమిటన్నది పెద్ద ప్రశ్న. దాని రుచి బ్రూనై ఒకసారి చూసింది. సుల్తాన్ తమ్ముడు జెఫ్రీ 1986 నుంచి ఆర్థిక మంత్రి, దేశ పెట్టుబడుల సంస్థకు అధిపతి. జెరుడాంగ్‌లో 1994లో తెరిచిన వినోదాల పార్కులో ప్రవేశం కూడా ఉచితమే. సుల్తాన్ 50వ పుట్టినరోజుకు 1996లో మైకేల్ జాక్సన్ అక్కడ పాడారు. 1998లో జెఫ్రీ కంపెనీ అమెడియో కుప్పకూలింది. ఆయన దాదాపు 1,500 కోట్ల డాలర్లు దారి మళ్లించారని ప్రభుత్వమే ఆరోపించింది. ఆయన ఒప్పుకోలేదు. 2001 ఆగస్టులో అప్పులవాళ్ల కోసం ఆ కంపెనీ సామాను వేలం వేశారు. పార్కులో పెద్ద పెద్ద రైడ్లు ఒక్కొక్కటే అమ్ముడుపోయాయి. ఆయన హయాంలో తలపెట్టిన విలాసవంతమైన ఎంపైర్ హోటల్ మాత్రం తీరాన నిలిచింది. అందులో గది అద్దె, ఆ ఆడంబరానికి పోలిస్తే, మధ్యతరగతికి అందుబాటులోనే ఉండటం చూసి పర్యాటకులు ఆశ్చర్యపోతారు.

2006లో రోజుకు రెండు లక్షల బారెళ్లు దాటిన చమురు ఉత్పత్తి ఆ తర్వాత సగం దగ్గరికి పడిపోయింది. చదువుకున్న కుర్రాళ్లందరికీ ఉద్యోగాలిచ్చే స్థితిలో ప్రభుత్వం లేదు. 'వవాసాన్ 2035' పేరుతో వేసుకున్న ప్రణాళిక లక్ష్యం చమురు మీద ఆధారపడటాన్ని తగ్గించుకోవడం. అందుకు ఎంచుకున్న మార్గాల్లో పర్యాటకం ఒకటి. చిక్కంతా అక్కడే. సింగపూర్, బాలి, పుకెట్‌లకు కోట్లలో వచ్చే సందర్శకుల్లో బ్రూనైకి వచ్చేది పిసరంత. వారిని రప్పించే షాపింగ్, సంగీతం, రాత్రి జీవితం ఇక్కడ నిషిద్ధమో, నామమాత్రమో. మిగిలింది అడవి, మసీదు, నిశ్శబ్దం. వీటికి మెచ్చి వచ్చేవారు ఉన్నారు. వారు తెచ్చే డబ్బు గ్యాసు ఓడల ఆదాయానికి సాటి రాదు.

స్థానికులకు ఈ నిశ్శబ్దం ఎంత నచ్చుతుందో తెలుసుకోవాలంటే వారాంతంలో సరిహద్దు చెక్‌పోస్టులకు వెళ్లాలి. మీరి, లింబాంగ్ పట్టణాలకు సరుకుల కోసం, సినిమాల కోసం, కొందరు మందు కోసం బారులు తీరిన బ్రూనై కార్లు కనిపిస్తాయి. ఆదివారం రాత్రికి అవన్నీ తిరిగొస్తాయి. బయట ఆ పట్టణాలు, లోపల ఉచిత వైద్యం, చవక పెట్రోలు, గొడవల్లేని వీధి. రెండూ ఉన్నంతకాలం ఎక్కువమందికి ఫిర్యాదు లేదు. ఫిర్యాదు ఉన్నవారు పైకి చెప్పరు. 2016 నవంబరులో ఒక ఆంగ్ల దినపత్రిక, హజ్ వీసా రుసుములపై సౌదీ అరేబియాను ఇబ్బంది పెట్టే వార్త వేసిన కొద్దిరోజులకే మూతపడింది. లైసెన్సు నిబంధనలు పాటించకపోవడమే కారణమన్నారు. అంతకుమించి అక్కడ చర్చ జరగలేదు.

హైదరాబాద్, విజయవాడ హోరు నుంచి పారిపోదామనుకునేవారికి బ్రూనైలో నాలుగు రోజులు హాయిగా గడుస్తాయి. భద్రతకు ఢోకా లేదు, మనుషులు మర్యాదస్తులు, అడవి అద్భుతం. వెళ్లినవారు మసీదు ఫొటోతో పాటు సెరియాలో తల ఊపే ఆ పంపుల ఫొటో కూడా తీసుకోవడం మంచిది. గుమ్మటం మీద బంగారం, నీటి ఊళ్లో కరెంటు, పండుగనాడు రాజుగారి విందు, ఎన్నికల ఊసెత్తని అరవై ఏళ్లు అన్నీ వాటి మీదే నడిచాయి. అవి ఆగిన రోజున ఆ వీధులు ఇంతే నిశ్శబ్దంగా ఉంటాయా అన్నది బ్రూనై ప్రజలు తేల్చుకోవాల్సిన సంగతి. ఆ మాట మాట్లాడుకోవడానికి వారికి ఇప్పటికైతే వేదిక లేదు.